ఎదుటి రోకలి

ఆదివారం భోజనాలయ్యాక రాజకుమారి వసారాలో చాప పరిచి చింతపిక్కల డబ్బా బోర్లించింది. ఆడుకోవడానికి అనుకునేరు. ముప్పై ఆరేళ్ల మనిషి, ఆశ్రమ పాఠశాలలో హెల్పరు, ఇద్దరు పిల్లల తల్లి, డిగ్రీ ఎలా చదవాలో లెక్క తేల్చుకుంటోంది. ఒక్కో పిక్క ఒక్కో పేపరు, ఒక్కో వరుస ఒక్కో సెమిస్టరు. పేర్చడం, తల పక్కకు వంచి చూడడం, పెదవి విరవడం, చెరిపేసి మళ్లీ పేర్చడం. పొద్దు వాలుతున్నా ఆ పని తెమిలేలా లేదు.

ఆమె మొగుడు కామేష్ అరకుకీ డుంబ్రిగుడకీ మధ్య సర్వీసు జీపు తోలుతాడు. ఆ రోజు జీపు షెడ్డులో ఉంది కాబట్టి అతను ఇంట్లో ఉన్నాడు. ఇంట్లో ఉంటే ఊరుకునే మనిషి కాదు.

“ఏడిసీవోల పక్కన కూకోడానికి కూడా డిగ్రీ ఉంటాదేటి?” అన్నాడు గుమ్మానికి జారబడి.

“ఉంటాది. కౌన్సెలింగంటారు దాన్ని.”

“ఏడిపించడానికుంటే సెప్పు. నువ్వు పరీక్ష రాయకుండానే పాసైపోదువు.”

రాజకుమారి చేతికందిన పిక్క అతని మీదికి విసిరింది. అతను తప్పుకున్నాడు, పిక్క వాకిట్లో ఎక్కడో పడింది. తీరా చూస్తే అది మొదటి వరుసలోని మనస్తత్వశాస్త్రం పేపరు. అది లేనిదే తర్వాతవేవీ చదవడానికి లేదు. ఇక ఇద్దరూ నడుములు వంచి వాకిలంతా వెతికారు. కోడి మింగేసిందేమోనని కామేష్ అనుమానం. అలా అయితే కోడికే డిగ్రీ వస్తుందని కూడా అన్నాడు. చివరికి పిక్క చెప్పు కింద దొరికింది.

చదువు సంగతి ఇదీ. విశాఖపట్నం వైపు ఒక విశ్వవిద్యాలయం వాళ్లు కౌన్సెలింగులో బి.ఏ. పెట్టారు, ఇంటి దగ్గరుండి చదువుకోవచ్చు. మూడేళ్లలో ముగించవచ్చు, తీరిక లేనివాళ్లు ఆరేళ్ల దాకా సాగదీసుకోవచ్చు. ఏ పేపరు ఎప్పుడు తీసుకుంటారో, ఆఖర్న ప్రాక్టికల్స్ ఎక్కడ చేస్తారో నెలాఖరులోగా అరకులోని స్టడీ సెంటరుకు వెళ్లి ఖాయం చేసుకుంటేనే సీటు. రాజకుమారికి పుస్తకాలంటే భయం లేదు. భయమల్లా రోజులతోనే. జూన్‌లో కొత్త పిల్లలు హాస్టల్లో చేరతారు. కొండల మీది ఊళ్ల నుంచి మొదటిసారి ఇల్లు వదిలి వచ్చిన పిల్లలు, నెలంతా ఏడుపులే. అప్పుడు పేపరు పెట్టుకుంటే తను చదవలేదు, వాళ్లు తృప్తిగా ఏడవలేరు. చలి మొదలైతే కాఫీ పళ్లు కోతకొస్తాయి, ఎకరం తోటైనా తోటే కదా, మనిషి అక్కడ ఉండాలి. అందుకని ఆ నెలల వరుసల్లో పిక్కలు పలచగా, ఎండాకాలం వరుసల్లో ఒత్తుగా పెట్టింది.

అన్నిటికీ చివర పిక్క కాదు, ఒక కాఫీ గింజ పెట్టింది. అది ప్రాక్టికల్స్. ఒక పూర్తి సెమిస్టరు మనుషుల ఎదుట కూర్చుని వాళ్ల బాధ వినాలి, పైనుంచి ఒక మేడమ్ చూస్తూ ఉంటుంది. ఆ కూర్చోవడం తమ స్కూల్లోనే అని రాజకుమారి ఎప్పుడో తీర్మానించుకుంది. నిజం చెప్పాలంటే ఆ ఒక్క గింజ కోసమే మిగతా పిక్కలన్నీ.

ఈ పిచ్చి ఆమెకు నిరుడు వానాకాలంలో పట్టింది. హాస్టళ్లలో పనిచేసే వాళ్లందరినీ పిలిచి ఒక రోజు ట్రైనింగు ఇచ్చారు. పట్నం నుంచి వచ్చిన మేడమ్ పొద్దున్నుంచి మాట్లాడింది. పిల్ల ఏడుస్తుంటే ఊరుకో ఊరుకో అనకండి, తిట్టకండి, లేనిపోని ఆశలు పెట్టకండి, పక్కన ఉండండి, వినండి. వంటవాళ్లు సగం మంది కునికిపాట్లు పడ్డారు. రాజకుమారికి మాత్రం నిద్ర ఎగిరిపోయింది. ఇది కనకత్త పని కదా అనుకుంది. దీనికొక పేరుంది, చదువుంది అని తెలిసి ఆమెకు ఒళ్లు పులకరించింది.

కనకత్త అంటే ఆమె మేనత్త. వయసులోనే మొగుడు పోతే పుట్టిల్లు జామిగుడకు తిరిగి వచ్చేసి, అన్న పాంగి గాసి ఇంట్లో ఉండిపోయింది. ఆ అన్న కూతురే రాజకుమారి. జామిగుడ డుంబ్రిగుడకు పైన, కొండ మెడ మీద ఉండే చిన్న ఊరు. ఎక్కువ ఇళ్లు కిల్లో వాళ్లవి, వంతల వాళ్లవి, పాంగి వాళ్లవి కొద్ది గడపలే. గాసి ఇంటి వసారాలో నేలలోకి పాతిన రాతి రోలు ఉండేది. ఆ ఊళ్లో ఆడవాళ్ల కష్టాలన్నీ ఆ రోలు దగ్గరికే వచ్చేవి.

ఎలాగంటే, ఏ ఇంట్లోనో మనసు విరిగిన మనిషి చేటలో సామలు పోసుకుని కనకత్త దడి దగ్గరికి వచ్చి నిలబడేది. ఎందుకొచ్చావని కనకత్త అడిగేది కాదు. మొహం చూసేది, చేట అందుకునేది, ఒక రోకలి ఆమెకిచ్చి తానొకటి పట్టేది. ఒకే రోట్లో ఇద్దరి దంపుడు. ఒకరిది లేస్తుంటే ఒకరిది పడాలి. చూపు రోట్లోంచి తప్పిందో రెండు రోకళ్లూ ఢీకొంటాయి. కాబట్టి ఒకరి మొహం ఒకరు చూసే పని లేదు, కళ్లలో నీళ్లు తిరిగినా దాచుకోనక్కర్లేదు. మొదట కాసేపు చప్పుడు మాత్రమే ఉండేది. తర్వాత పోటుకీ పోటుకీ మధ్య ఒక మాట, ఇంకాసేపటికి ఇంకో మాట. కనకత్త నోట్లోంచి “ఊఁ” తప్ప వచ్చేది కాదు. అవతలి మనిషి గొంతు పట్టేసి రోకలి నెమ్మదిస్తే కనకత్త రోకలీ నెమ్మదించేది. సామలు తెల్లబడ్డాక చెరిగి చేటలో పోసి, రోట్లో చెంబుడు నీళ్లు వంపేది. నీళ్లు పడ్డాయంటే ఆ మాటలు అక్కడితో సరి. మర్నాడు ఏటి దగ్గర కనిపించినా ఎవరూ వాటి ఊసెత్తరు.

రాజకుమారి అప్పుడు చిన్నపిల్ల, అత్త మాటలో గుంట. వసారా చివర వెల్లకిలా పడుకునేది. దంపుతుంటే నేల లోపల్నుంచి దెబ్బ వచ్చి వీపుకు తగిలేది. కొత్త సామల పొట్టు వాసన, పైన పెంకుల సందుల్లోంచి పొగ, ఆ దెబ్బ. అంత హాయిగా ఆమె మళ్లీ ఎక్కడా నిద్రపోలేదు. ఇప్పుడు ఫోము పరుపు ఉంది, ఫ్యాను ఉంది, నిద్రే ముక్కలు ముక్కలు. తర్వాత డుంబ్రిగుడలో మర పెట్టారు. సామలు మరకు పోతున్నాయి, మనుషులు ఎవరి కష్టం వాళ్లు ఇంట్లోనే ఉంచుకుంటున్నారు. ఆ రోట్లో ఇప్పుడు కోళ్లకు నీళ్లు పోస్తున్నారు.

అంతా తీపే అనుకుంటే పొరపాటు. ఆ రోలు గుర్తొచ్చినప్పుడల్లా రాజకుమారికి ఒక పాత ముల్లు గుచ్చుకునేది.

ఆమె పదమూడో ఏట తల్లి చనిపోయింది. జ్వరం ముదిరి, డోలీలో రోడ్డు దాకా దింపేలోపే ప్రాణం పోయింది. ఇంట్లో అందరూ ఏడ్చారు, రాజకుమారి ఏడవలేదు. తినేది, మేకల్ని తోలేది, చెప్పిన పని చేసేది, మాట్లాడేది కాదు. లోపల మాత్రం ఒకటే ఎదురుచూపు. ఊళ్లో వాళ్లందరికీ రోకలి అందించిన అత్త, రేపో మాపో నాకూ అందిస్తుంది. నెల గడిచింది, అందించలేదు. ఒక సాయంత్రం తనే చేటలో సామలు పోసుకుని అత్త ముందు నిలబడింది. కనకత్త ఆ చేట వంక చూసింది, దాన్ని తీసుకెళ్లి లోపల అటక మీద పెట్టేసింది.

“రేపు బేగి లెగు. హుకుంపేట వైపు ఎల్దాం” అంది.

మర్నాడు కొండ దాటి, ఇంకో కొండ చుట్టి, ఎండెక్కే వేళకు ఒక ఊరు చేరారు. ఆ ఊరు రాజకుమారి ఎన్నడూ చూడలేదు. ముక్కుకు రెండు వైపులా బేసర్లు పెట్టుకున్న ఒకామె వాకిట్లో ఉంది. పేరు రత్న, కొర్రా వాళ్ల ఇల్లాలు. కనకత్త ఆమెతో దడి దగ్గర నిలబడి రెండు ముక్కలు మాట్లాడి, వెనక్కి తిరిగింది.

“నాను సంతకెల్లొత్తాను. ఈ యమ్మతో ఉండు” అని బుట్ట పట్టుకుని వెళ్లిపోయింది.

రత్న రోకలి ఇచ్చింది. రాజకుమారి కోపంతో దంచింది. రోలు పగిలిపోతే బాగుండునని దంచింది. ఎంతసేపటికో ఆ కోపం కరిగి మాటలైంది. అమ్మ దువ్వెన పెట్టెలో దాచుకున్నానని చెప్పింది, దానికి ఇంకా వెంట్రుకలున్నాయని చెప్పింది. ఇంకొకటీ చెప్పింది. అమ్మ చీర అత్త కట్టుకుంటోంది, ఆ చీరలో అత్త వెనక నుంచి అమ్మలాగే ఉంటుంది, తిరిగితే అత్త, నాకు అత్తని చూస్తే చంపేయాలన్నంత కోపం. రత్న “ఊఁ” అంది. అప్పుడు వచ్చింది ఏడుపు. రోకలి వదిలేసి రోలును కావలించుకుని ఏడ్చింది. రత్న తన రోకలి నెమ్మదిగా నేల మీద తడుతూనే ఉంది, ఆపలేదు. చివర్న చెంబుడు నీళ్లు తెచ్చి రోట్లో వంపింది.

పొద్దు తిరిగాక కనకత్త వచ్చింది. బుట్ట ఖాళీ. సంతకెళ్లిన మనిషి ఒక్క బొరుగుల ఉండైనా తేలేదు. దారంతా రాజకుమారి ఆ ఖాళీ బుట్టనే చూస్తూ నడిచింది. మనసు తేలికపడిన మాట నిజమే, కానీ ఆ తేలికలోనే ఈ బరువు వచ్చి కూర్చుంది. లోకంలో అందరి ఎదుటా రోకలి పట్టిన అత్త, తన దగ్గరికొచ్చేసరికి పరాయివాళ్లకి అప్పజెప్పి సంతకెళ్లింది. ఆ ఏడే హాస్టల్లో చేరింది, చదువు, పెళ్లి, ఉద్యోగం, ఇరవై మూడేళ్లు గడిచాయి. అత్తంటే ప్రేమే, పండక్కి చీర పెడుతుంది, ఒంట్లో బాగోకపోతే ఆసుపత్రికి తీసుకెళుతుంది. ఆ రోజు సంగతి మాత్రం ఎప్పుడూ అడగలేదు.

మంగళవారం సెలవు పెట్టి పిక్కలన్నీ కాగితం పొట్లంలో కట్టుకుని రాజకుమారి అరకు వెళ్లింది. స్టడీ సెంటరంటే పెద్ద మేడ కాదు, మందుల షాపు పైన అద్దె గది. కోఆర్డినేటరు భానుశ్రీ విజయనగరం వైపు అమ్మాయి, ముప్పై నిండలేదు, నవ్వు మొహం. టేబుల్ మీద చింతపిక్కలు పరుస్తుంటే ముందు బిత్తరపోయింది, తర్వాత కుర్చీ ముందుకు లాక్కుంది.

“ఈ వరుసలో ఇంత పలచగా ఉందేంటండీ?”

“జూనండీ. కొత్త గుంటలొస్తారు. ఆల్ని వొదిలి పుస్తకం పట్టుకోలేను.”

“అయితే దీన్ని ఇటు జరుపుదాం. కానీ ఇది చదవకుండా అది చదవడానికి లేదండీ, ముందు పునాది పేపర్లన్నీ అవ్వాలి. దుఃఖంలో ఉన్నవాళ్ల గురించిన పేపరు మీరు మొదటి ఏడాదే పెట్టేసుకున్నారు.”

“దానికోసమే కదండీ సేరతన్నాను.”

“తెలుసండీ. అయినా ఆగాలి.”

ఇద్దరూ పోటీపడి పిక్కలు జరిపారు. కాఫీ కోత నెలల్లో ఒకే పేపరు, ఎండాకాలం సెలవుల్లో మూడు. అయిదేళ్లలో తేలేలా వచ్చింది లెక్క. రాజకుమారి సంతోషంగా పొట్లం అడుగు నుంచి కాఫీ గింజ తీసి చివర్న పెట్టింది.

“ఇదేంటి?”

“ప్రాక్టికల్సు. మా స్కూల్లోనే.”

భానుశ్రీ చెయ్యి టేబుల్ మీద ఆగిపోయింది. “అక్కడ కుదరదండీ. మీరు పనిచేసే చోట, మీకు తెలిసిన మనుషులతో చెయ్యకూడదు. కొండ కింద పట్నంలో ఒక పెద్దాసుపత్రి ఉంది, ఆ సెమిస్టరంతా అక్కడుండాలి. మీ సెలవు సంగతి నేను మాట్లాడతాను.”

“మా పిల్లలండీ ఆలు. నన్ను అక్కా అంటారు, పిన్నీ అంటారు. మా నాలుగు మండలాల్లో నాకు సుట్టం కానోలు లేరు.”

“అందుకేనండీ కుదరనిది.”

“మా వోల కోసం కాపోతే ఈ సదువు ఎవరి కోసమండీ?”

“చదువయ్యాక మీ కొండల్లోనే పని చెయ్యండి, ఎవరొద్దంటారు? కానీ అప్పుడు కూడా మీ సొంత మనిషి వస్తే మీరు కూర్చోకూడదు. ఇంకొకరి దగ్గరికి పంపించాలి.”

పంపించాలి అన్న మాట రాజకుమారికి చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఆమె మొహం నల్లబడింది.

“పంపించీడం నాకు తెలుసండీ. నన్నూ అలాగే పంపించీసినారు” అంది. పిక్కలన్నీ అరచేత్తో ఒక కుప్పగా ఊడ్చి పొట్లంలో పోసేసుకుంది. “నాకొద్దండీ ఈ సదువు.”

భానుశ్రీ మెట్ల దాకా వచ్చింది. “నెలాఖరు దాకా టైముందండీ రాజకుమారి గారూ” అంది. ఆ మాటొక్కటి అని లోపలికి వెళ్లిపోయింది. మంచి పిల్లే, ఎప్పుడు మాట్లాడకూడదో తెలిసిన పిల్ల.

ఇంటికొచ్చి పొట్లం అటక మీద పడేసింది. కామేష్ ఏదో హాస్యం ఆడబోయి ఆమె మొహం చూసి మింగేశాడు. ఆ వారమంతా స్కూల్లో పని చేసింది గానీ చేతులు పనిలో లేవు. చదువు పోయిందన్న బాధ ఒక పక్క, దానికోసం అంతగా కట్టుకున్న ఆశ తలచుకుంటే సిగ్గు ఒక పక్క.

ఇంతలో ఇటుకల పండగ వచ్చింది. చైత్రంలో ఆ పండగ వస్తే కొండల్లో పనులన్నీ ఆగిపోతాయి. విత్తనాలు పూజలో పెట్టి తెచ్చుకుంటారు. మగాళ్లు వేటకని అడవికి పోతారు. దొరికేది ఏమీ లేకపోయినా పోతారు, ఉత్త చేతులతో వస్తే ఆడవాళ్లు ఆట పట్టిస్తారు. ఆ ఆడవాళ్లేమో రోడ్డుకు అడ్డంగా వెదురు బొంగు పట్టుకుని, పాటలు పాడుతూ, వచ్చే పోయే బండ్లను ఆపి పండగ చందా పుచ్చుకుంటారు. జామిగుడ మలుపులో కామేష్ జీపును కూడా ఆపేశారు. ఆపినవాళ్లు వరసకు మరదళ్లు, బావగారి జీపని తెలిసి ఇంకాస్త గట్టిగా పట్టుకున్నారు బొంగు.

“రోజూ నా జీపెక్కి పైసా ఇవ్వరు. ఇప్పుడు నన్నే ఆపుతారేటి?” అన్నాడు.

“బావా, ఈ రోజు రోడ్డు మాది” అన్నారు.

రాజకుమారి నవ్వింది. వారం తర్వాత అదే మొదటి నవ్వు. వాళ్ల బేరం తెమిలేలోపు దిగి, పొలం గట్టు మీదుగా నడుచుకుంటూ ఇంటికెళ్లింది.

కనకత్త వసారాలో కూర్చుని కొత్త మామిడికాయలు కోస్తోంది. పండగ కాకుండా ఆ ఇంట్లో కొత్త మామిడికాయ ముట్టరు. జుట్టు పూర్తిగా నెరిసింది, చూపు మందగించింది, చేతులు మాత్రం అవే చేతులు. పక్కనే రోలు, అందులో కోళ్ల నీళ్లు.

“ఒలే గుంటా, మొగం అలాగుందేటి?” అంది తలెత్తకుండానే. మందగించిన చూపుతో ఎలా చూసిందో ఆమెకే తెలియాలి.

రాజకుమారి పక్కన కూర్చుని ముక్కలకు ఉప్పు రాస్తూ సంగతంతా చెప్పింది. పిక్కలు, పేపర్లు, కాఫీ గింజ. చెబుతూ చెబుతూ గొంతు పెంచింది. “మొగం తెలీని మనుసుల ఎదర కూకోవాలంట. మన మనుసుల ఎదర కూకోకూడదంట. ఇదేటి నాయం అత్తా?”

“కూకోకూడదు మరి” అంది కనకత్త.

“నీకెవలు సెప్పినారు?”

“సెప్పీదేటి. ఎప్పుడూ అంతే కదా. కిల్లోలొత్తే నాను పట్టీదాన్ని, వంతలోలొత్తే నాను పట్టీదాన్ని. మన పాంగోల ఆడోల ఎదర నానెప్పుడైనా రోకలి పట్టినానా? ఆల్ని అవతలూరు తీసుకెల్లీదాన్ని. సొంత మనిసైతే ఇనలేదు గుంటా. మనసు అడ్డమొస్తాది. ఇన్నా, కడుపులో ఉంచుకోలేదు.” కత్తిపీట మీద చెయ్యి ఆగింది. “నిన్ను రత్న కాడికి మరెందుకు తీసుకెల్లాననుకున్నావు?”

రాజకుమారి ఉప్పు చేతినే చూసుకుంది. ఇరవై మూడేళ్లు నోట్లో నానిన మాట బయటికి వచ్చింది.

“వొదిలించుకున్నావనుకున్నాను. ఊరందరికీ పట్టినావు. నాకు పట్టలేదు. నన్నక్కడ పడేసి సంతకెల్లిపోయావు.”

కనకత్త కత్తిపీట పక్కకు జరిపింది. కోళ్లు వచ్చి రోట్లో నీళ్లు తాగి వెళ్లాయి.

“ఆ రోజు సంతెక్కడుందే?” అంది చివరికి. “సంత లేదు ఆ రోజు. నీకు అలాగ సెప్పాను. దడి అవతల, పనసమాను కింద కూకున్నాను. మాటలు ఇనపడనంత దూరంలో కూకున్నాను. రోకలి సప్పుడు మాత్రం ఇనపడీది. అది ఆగినప్పుడల్లా నా గుండె ఆగీది. మల్లీ లెగిస్తే, ఉంది, నా గుంట ఉంది, అనుకునీదాన్ని.”

ఖాళీ బుట్ట. రాజకుమారికి ఆ బుట్ట అల్లిక కూడా కళ్లకు కట్టింది. పదమూడేళ్ల పిల్ల దారి పొడుగునా దాని వంక చూసి అత్తను ద్వేషించింది గానీ, అది ఎందుకు ఖాళీగా ఉందో ఒక్కసారి అడగలేదు.

“మీ యమ్మ నాకు వొదిన. మొగుడు పోయి వొస్తే, ఈ ఇంట్లో నన్ను రా అన్నది అదొక్కతే” అంది కనకత్త. “నీ ఎదర నాను రోకలి పట్టుంటే నీకన్నా ముందు నానే ఏడిసీదాన్ని. అప్పుడు నువ్వు నన్ను ఊరుకోబెట్టీదానివి. అంత గుంటవి, నీకెందుకే ఆ పని?”

రాజకుమారికి అమ్మ చీర గుర్తొచ్చింది. అత్తను చూస్తే చంపేయాలన్నంత కోపమని రత్న రోట్లో పోసిన మాట గుర్తొచ్చింది. ఆ రోజు ఎదుట అత్తే ఉంటే ఆ మాట గొంతు దాటేదా? దాటి ఉంటే ఈ మనిషి ఏమైపోయేది? దాటకపోతే తను ఏమైపోయేది?

“రత్నమ్మ నీకేటైనా సెప్పిందా అత్తా, నానేటన్నానో?”

“సెప్పలేదు. నానడగలేదు. నీళ్లు పోసేసినారు కదా.”

ఆ జవాబు విని రాజకుమారి అత్త ఒళ్లో తల పెట్టేసింది. ఉప్పు చేతులు చీరకు అంటకుండా రెండూ పైకెత్తి పట్టుకుని మరీ ఏడ్చింది. తల్లి పోయినప్పుడు అత్త దగ్గర ఏడవవలసిన ఏడుపు అది, ఇన్నేళ్లకు వచ్చింది. కనకత్త ఊరుకో అనలేదు. అరచేత్తో ఆమె వీపు మీద నెమ్మదిగా తడుతూ ఉంది, ఒక దెబ్బకీ ఒక దెబ్బకీ మధ్య సమంగా ఎడం ఇస్తూ. రోడ్డు మీది బేరం ముగించుకుని వచ్చిన కామేష్ గుమ్మం దాకా వచ్చి, చూసి, మామిడికాయ ముక్కలు రెండు తీసుకుని మళ్లీ బయటికి వెళ్లిపోయాడు.

నెలాఖరుకు ముందు రోజు రాజకుమారి మళ్లీ మందుల షాపు పైకి ఎక్కింది. భానుశ్రీ ఏమీ అడగకుండా టేబుల్ మీది కాగితాలు పక్కకు తీసి చోటిచ్చింది. పిక్కలు మొదటిసారి కుదిరినట్టే వరుసల్లో పరుచుకున్నాయి. దుఃఖం పేపరు మూడో ఏడాదిలోకి వెళ్లింది. చివర్న రాజకుమారి కాఫీ గింజను వరుసలకు దూరంగా, టేబుల్ అవతలి అంచున పెట్టింది.

“కొండ కింద ఆసుపత్రిలోనే సేస్తానండీ.”

“అక్కడ మీకు ఒక్కరూ తెలీరు. పర్లేదా?”

“తెలీకూడదు కదండీ.” గింజ దొర్లిపోకుండా వేలు అడ్డం పెట్టింది. “ఆ గది బయట బెంచీ ఉంటాదాండీ?”

“బెంచీనా? ఎందుకండీ?”

“తోడొచ్చినోలు కూకోడానికి. గుమ్మం పక్కన కాదండీ, కాస్త ఎడంగా ఉండాల. లోపలి మాటలు ఆలకి ఇనపడకూడదు.” ఖాళీ పొట్లం కాగితం మడిచింది. “మనిసి లోపలుందని మాత్రం తెలవాల.”

భానుశ్రీ ఆమె వంక చూసింది, తర్వాత ఫోను తీసి ఆసుపత్రి వాళ్ల నంబరు వెతకడం మొదలుపెట్టింది.